తమ్ముడు తనను కర్ణుడంటున్నాడు

ప్రశ్న: నమస్తే అండీ. మాది కాకినాడ దగ్గర ఒక ఊరు. నాకు ఒక్కడే తమ్ముడు. ఇంటర్ అయ్యాక మా నాన్న ఇక చదివించలేనన్నారు. అప్పుడు వాడి క్లాస్‌మేట్ వాళ్ళ ఇంట్లో చెప్పి ఫీజు కట్టించాడు. వాడి డిగ్రీ అలా పూర్తయింది. తర్వాత ఆ స్నేహితుడు చీటీలు, రియల్ ఎస్టేట్ వ్యాపారం పెడితే తమ్ముడు కుడిభుజంగా ఉన్నాడు. వీణ్ణి చూసి మా పిన్ని, బాబాయిలు, వీధిలో వాళ్ళు డబ్బు పెట్టారు. స్నేహితుడి బ్యాంకు లోనుకు వీడు జామీను సంతకం కూడా చేశాడు. కొత్తవాళ్ళ డబ్బుతో పాతవాళ్ళకు వడ్డీ ఇస్తున్నారని వాడికి ముందే తెలిసింది. బయటికి రారా అని నేను బతిమాలాను. "వాడు లేకపోతే నేను లేను అక్కా" అన్నాడు. పోయిన ఏడాది అంతా కూలిపోయింది. స్నేహితుడు జాడ లేడు. బ్యాంకు నోటీసు మాత్రం మా ఇంటికొచ్చింది. తమ్ముడు గది దాటి రావడం లేదు, రాత్రిళ్ళు నిద్రపోడు. ఏమన్నా అంటే "నేను కర్ణుణ్ణి అక్కా. పుట్టినప్పుడే నా రాత రాసేశారు. కర్ణుడు మాత్రం ఏం చేయగలిగాడు?" అంటాడు. అమ్మ ఏలినాటి శని అంటుంది. మా ఆయన మాత్రం అంతా చేజేతులా చేసుకున్నాడంటారు. ఇంతకీ కర్ణుడు విధి వల్ల పోయాడా, తన తప్పు వల్ల పోయాడా? "తప్పు నీదే" అంటే వాడు ఏమైపోతాడోనని భయం. "విధి" అంటే ఇక లేవడేమోనని భయం. ఏం చెప్పమంటారు?
– ఒక అక్క

జవాబు:

అమ్మా,

ముందుగా ఒక్క మాట. నిద్ర లేకపోవడం, గది దాటకపోవడం ఇన్ని నెలలుగా ఉందంటే డాక్టరుకు చూపించాలి. బతికి ఏం లాభం అనే మాట ఒక్కసారి నోట వచ్చినా ఆలస్యం చేయకండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. అతను చేయనంటే మీరే చేసి, ఏం చేయాలో అడగండి. మిగతాదంతా దాని తర్వాతే.

ఇప్పుడు కర్ణుడి సంగతి. ఆ పేరును పక్కన పెట్టి మీకు నాలుగు ఓదార్పు మాటలు రాసి ఊరుకోవచ్చు. కానీ మీ తమ్ముడు ఆ పేరును ఊరికే పట్టుకోలేదు. చదివించిన స్నేహితుడు, తీర్చుకోలేని ఋణం, తప్పని తెలిసీ విడవలేకపోవడం, చివరికి ఒంటరిగా మిగలడం, ఇవన్నీ నిజంగానే కర్ణుడి కథలో ఉన్నాయి. అతను తన బాధకు సరైన కథనే ఎంచుకున్నాడు, కాకపోతే సగం కథ దగ్గర ఆగిపోయాడు. మిగతా సగం చదివితే ఆ పేరే అతన్ని లేపుతుందని నా నమ్మకం.

మన తెలుగువాళ్ళకు కర్ణుడంటే చెప్పలేనంత జాలి. ఆ జాలి అన్యాయమైనది కాదు. పుట్టిన బిడ్డను పెట్టెలో పెట్టి అశ్వనదిలో వదిలారు. ఆ పెట్టె చర్మణ్వతిలోకి, అక్కడినుంచి యమునలోకి, గంగలోకి కొట్టుకుపోయి చంపాపురి దగ్గర అధిరథుడి భార్య రాధకు దొరికింది. ఇందులో ఆ పసివాడు చేసింది ఏమీ లేదు. అస్త్రవిద్యా ప్రదర్శన రోజున అర్జునుడికి దీటుగా నిలబడితే కృపాచార్యుడు కులం, వంశం అడిగాడు. భీముడు ఎగతాళి చేశాడు. తల నేలకు దించుకోవడం తప్ప ఆ కుర్రవాడికి జవాబు లేకపోయింది. కనీసం తన పుట్టుక ఏమిటో అతనికే తెలియదు. హోమధేనువును చూడక బాణం వేసి చంపడం పొరపాటు, దానికి బ్రాహ్మణుడిచ్చిన శాపం యుద్ధంలో రథచక్రం దిగబడేంత పెద్దది. ఇక్కడిదాకా మీ తమ్ముడి మాటే మాట. విధి అంటే ఇదే. అడగకుండా వచ్చి మీదపడేది.

కర్ణుడి చావుకు కారణాలు అనేకం అని సామెతలా అంటుంటాం. అర్జునుడు, కృష్ణుడు, కుంతి, ఇంద్రుడు, భూదేవి, పరశురాముడు, ఈ ఆరుగురి వల్ల కర్ణుడు చచ్చాడని చెప్పే పద్యం కూడా మన పెద్దవాళ్ళకు నోటికి వచ్చు. చిన్నప్పుడు అది వింటే కళ్ళు చెమర్చని వాళ్ళుండరు. కానీ ఆ లెక్కలో ఒక పేరు లేదు, కర్ణుడి పేరు. భారతం చదివితే ఆ పేరు లేకుండా లెక్క కుదరదని తెలుస్తుంది. ఆ పేరు చేర్చినవాడు కర్ణుడే కావడం నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. అక్కడికి వస్తాను.

ముందు కవచకుండలాల సంగతి చూడండి. ఇంద్రుడు వచ్చి అమాయకుణ్ణి మోసం చేసి పట్టుకుపోయాడని చాలామంది అనుకుంటారు. అరణ్యపర్వంలో అలా లేదు. ముందే సూర్యుడు కలలో కనిపించి, ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వస్తాడు, ఇవ్వకు, ఇస్తే ఆయువు పోతుంది అని హెచ్చరించాడు. కర్ణుడు విన్నాడు, ఆలోచించాడు, బదులు చెప్పాడు. ప్రాణం పోయినా సరే కీర్తి కావాలి, అడిగిన బ్రాహ్మణుడికి లేదనలేను అన్నాడు. అయితే బదులుగా శక్తి ఆయుధమైనా అడుగు అని సూర్యుడు చెప్తే దానికి ఒప్పుకున్నాడు. ఏం వస్తుందో, ఎవరు వస్తారో, ఏం పోతుందో అన్నీ తెలిసి ఇచ్చాడు. ఇది విధి చేయించిందంటే దానకర్ణుడన్న పేరు కూడా విధికే ఇచ్చేయాలి. మీ తమ్ముణ్ణి ఈ ప్రశ్న అడగండి: కర్ణుడి దానం కర్ణుడిదేనా? అవునంటాడు, ఎవరైనా అంటారు. మరి దానం అతనిదైతే, సభలో అన్న మాటలు ఎవరివి?

ఆ సభ దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే మనం కర్ణుణ్ణి ప్రేమించే కొద్దీ ఆ ఘట్టాన్ని తొందరగా దాటేస్తాం. ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. నేను ధర్మంగా గెలవబడ్డానా అని ఆమె అడిగింది. భీష్ముడు స్పష్టమైన జవాబు చెప్పలేకపోయాడు, ద్రోణుడు మాట్లాడలేదు. అప్పుడు లేచిన ఒకే ఒక్క కౌరవుడు వికర్ణుడు, దుర్యోధనుడికి స్వయానా తమ్ముడు. ఆమె గెలవబడలేదని నిండు సభలో అన్నాడు. అతని నోరు మూయించింది ఎవరనుకుంటున్నారు? దుర్యోధనుడు కాదు, శకుని కాదు, కర్ణుడు. నువ్వు చిన్నవాడివి, నీకేం తెలుసు అన్నాడు. అయిదుగురు భర్తలున్న ఆడదాన్ని అనరాని మాట అన్నాడు. పాండవుల బట్టలూ ఆమె బట్టా ఒలవమని దుశ్శాసనుడికి చెప్పాడు. ఏ శాపమూ ఆ మాటలు అతనిచేత అనిపించలేదు. దుర్యోధనుడు కూడా ఆ క్షణంలో అనమని అడగలేదు.

పుట్టుక వల్ల అవమానపడ్డవాడు కదా, ఆ మంట అలా బయటికొచ్చింది అంటారు కొందరు. అది కారణం కావచ్చు. కానీ అదే సభలో విదురుడున్నాడు. అతనూ వ్యాసుడి కొడుకే, ధృతరాష్ట్రుడికీ పాండురాజుకీ తమ్ముడే. తల్లి దాసి కాబట్టి సింహాసనం దరిదాపుల్లోకి రానివ్వలేదు. పుట్టుక చేసిన అన్యాయం కర్ణుడికి ఎంతో విదురుడికీ అంతే. కౌరవుల కూడు ఇద్దరూ తిన్నవాళ్ళే. ఆ రోజు విదురుడు ఇది తప్పు అని అరిచి చెప్పాడు. ఇంకొకడు యుయుత్సుడు, ధృతరాష్ట్రుడికి వైశ్య స్త్రీ వల్ల పుట్టినవాడు, రెండు సేనలూ ఎదురెదురుగా నిలబడి ఇక యుద్ధం మొదలవుతుందనగా వైపు మారి పాండవుల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒకే ఇల్లు, ఒకే రకం గాయం, మూడు దారులు. పుట్టుక ఒక్కటే అన్నీ రాసేస్తే ఈ ముగ్గురూ ఒకేలా నడవాలి కదా. వ్యాసుడు వీళ్ళను పక్కపక్కన నిలబెట్టడం ఊరికే చేసిన పని కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంతవరకే చెప్తే మీ ఆయన మాట నిజమైనట్టు అనిపిస్తుంది. చేజేతులా చేసుకున్నాడు, అంతే. కానీ కర్ణుడు అంత చిన్నగా తేలిపోయే మనిషి కాదు. ఉద్యోగపర్వంలో తిక్కన మనకిచ్చిన కర్ణుణ్ణి కూడా చూడాలి. రాయబారం చెడిపోయి కృష్ణుడు హస్తినాపురం నుంచి తిరిగి వెళ్తూ కర్ణుణ్ణి రథం ఎక్కించుకుని పుట్టుక రహస్యం చెప్పాడు. నువ్వు కుంతి పెద్దకొడుకువి, వచ్చేయ్, ధర్మరాజు నీకు పట్టం కడతాడు, పాండవులు అయిదుగురూ నీ కాళ్ళు పట్టుకుంటారు అన్నాడు. అప్పటిదాకా ఏది లేదని జీవితమంతా రగిలిపోయాడో అది మొత్తం ఒక్క మాటతో చేతికి వచ్చింది. కర్ణుడు వద్దన్నాడు.

ఎందుకు వద్దన్నాడో వినండి. కుంతి నన్ను వదిలేసింది. రాధ నన్ను ఎత్తుకోగానే ఆమెకు పాలు వచ్చాయి, నా మలమూత్రాలు ఎత్తింది, ఆమెకు పిండం పెట్టకుండా ఎలా ఉంటాను? అధిరథుడు నాకు పేరు పెట్టాడు, పెళ్ళిళ్ళు చేశాడు, నాకు కొడుకులు, మనవలు ఉన్నారు. ఈ భూమి మొత్తం ఇచ్చినా, బంగారు రాశులు పోసినా ఆ బంధం అబద్ధం చేయలేను. దుర్యోధనుడు నన్ను నమ్ముకునే యుద్ధానికి దిగాడు, ఇప్పుడు వెనక్కి రాలేను. ఇదీ అతని జవాబు. అక్కడితో ఆగలేదు. పాండవులే గెలుస్తారని తెలుసన్నాడు. వాళ్ళ గెలుపు, మా వినాశనం కలలో చూశానన్నాడు. నా పుట్టుక సంగతి ధర్మరాజుకు చెప్పకు, తెలిస్తే రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాను అని కూడా అన్నాడు. ఓడిపోతామని తెలిసి, చచ్చిపోతానని తెలిసి, ఎటు వెళ్ళాలో తనే ఎంచుకున్న మనిషి ఇతను. ఇతన్ని పట్టుకుని పాపం, విధి చేతిలో కీలుబొమ్మ అనడం నాకు అవమానంగా తోస్తుంది. మనకు నచ్చకపోవచ్చు గానీ, అంత స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయం భారతంలో ఇంకొకటి చూపించడం కష్టం.

ఆ సంభాషణలోనే నేను ముందు చెప్పిన సంగతి ఉంది. దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను పరుషంగా అన్నాను, దానికిప్పుడు కుమిలిపోతున్నాను అన్నాడు కర్ణుడు. ఇంకొంచెం తర్వాత, ఈ భూమికి వస్తున్న వినాశనానికి కారకులెవరో పేర్లు చెప్పాడు. శకుని, నేను, దుశ్శాసనుడు, దుర్యోధనుడు. ఆ 'నేను' రెండో చోటే వచ్చింది, చివర్లో మొహమాటంగా చేర్చింది కాదు. కుంతి పేరు చెప్పవచ్చు, చెప్పలేదు. పరశురాముడి శాపం ఎత్తలేదు. పుట్టుక రహస్యం ప్రస్తావనకు వచ్చింది అక్కడే, నా జీవితం నాశనం చేసింది మీరే అని కృష్ణుడి మీద విరుచుకుపడినా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. తన పేరే చెప్పుకున్నాడు.

మీ తమ్ముడు కర్ణుణ్ణి అంటున్నాడు కదా. కర్ణుడు "కర్ణుడు మాత్రం ఏం చేయగలిగాడు" అనలేదని అతనికి చెప్పండి.

న్యాయంగా ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అతనే మిమ్మల్ని పట్టుకుంటాడు. అంపశయ్య మీద ఉన్న భీష్ముణ్ణి చూడ్డానికి వెళ్ళినప్పుడు కర్ణుడు విధి మాట ఎత్తాడు. జరగవలసింది జరుగుతుంది, పురుషప్రయత్నంతో దైవాన్ని ఎవరు మళ్ళించగలరు అన్నాడు. నిజమే, అన్నాడు. కానీ అదే నోటితో, కోపంతోనో చపలత్వంతోనో నేను మిమ్మల్ని అన్న మాటలు క్షమించండి అని కూడా అడిగాడు. విధి తప్పదని నమ్మాడు, క్షమాపణ అడగడం మానలేదు. రెండూ ఒక మనిషిలో పక్కపక్కనే ఉండగలవు. మీ అమ్మగారి ఏలినాటి శనితో మీరు పోట్లాడనక్కర్లేదని అనడానికి నాకు ఇదే ఆధారం. ఆవిడ నమ్మకం ఆవిడకు ధైర్యమిస్తుంటే ఇవ్వనివ్వండి. శని ఉన్నా లేకపోయినా పిన్ని డబ్బు పిన్నికి బాకీయే.

భారతంలో విధి మాటను పదేపదే అడ్డం పెట్టుకునేది ఎవరో గమనించారా? ధృతరాష్ట్రుడు. జూదానికి ఒప్పుకునేటప్పుడు విదురుడు వద్దంటే, అంతా దైవాధీనం అన్నాడు. యుద్ధంలో కొడుకులు ఒక్కొక్కరే పోతుంటే దైవం బలీయం అని ఏడ్చాడు. ప్రతిసారీ సంజయుడు వదిలిపెట్టకుండా చెప్పేవాడు, ఇది నీ తప్పు మహారాజా, చెప్పినప్పుడు వినలేదు అని. ఆపగలిగిన అధికారం ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి నోటనే విధి అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మీ తమ్ముడు తనకు తెలియకుండా కర్ణుడి పేరు చెప్పి ధృతరాష్ట్రుడి మాట మాట్లాడుతున్నాడు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న ఆలోచన కాదు. మీ తమ్ముడు డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదివుంటే ఈడిపస్ పేరు వినే ఉంటాడు. గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో రాసిన నాటకంలోని రాజు. తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడతాడని జోస్యం. తప్పించుకోవాలని, తన కన్నవాళ్ళే అనుకున్నవాళ్ళను వదిలి పారిపోతాడు, ఆ పారిపోవడమే అతన్ని జోస్యం దగ్గరికి చేరుస్తుంది. విధి బలం చూపించే కథ ఇంతకంటే గట్టిది ఇంకేం ఉంటుంది? అయినా నాటకం మొదలయ్యేసరికి అదంతా ఎప్పుడో అయిపోయింది. నాటకంలో మనం చూసేదంతా అతను తనంతట తాను చేసేదే. పాత రాజును చంపిందెవరో తేల్చే తీరతానని పట్టుపడతాడు, ఆపమని భార్య యొకాస్టా బతిమాలినా ఆపడు, నిజం బయటపడ్డాక కళ్ళు పొడుచుకుంటాడు. ఏ దేవుడు నీ చేత ఇది చేయించాడని అడిగితే, ఈ బాధలు తెచ్చింది అపోలో, కళ్ళు పొడిచిన చెయ్యి మాత్రం నాదే అంటాడు. కర్ణుడు శకుని పక్కన తన పేరు చేర్చడమూ, ఈడిపస్ తన చెయ్యి చూపించడమూ ఒకే జాతి పనులు. అందుకే వాళ్ళిద్దరూ ఇన్ని వేల ఏళ్ళుగా మనుషుల్ని కదిలిస్తున్నారు. తప్పులేనివాళ్ళు పడిపోతే జాలిపడతాం, అంతకుమించి ఏమీ నేర్చుకోం.

మరి విధి ఎంత, మనిషి ఎంత? సౌప్తికపర్వంలో కృపాచార్యుడు అశ్వత్థామకు చెప్పిన మాట నాకు ఇప్పటికీ సరిగ్గా ఉందనిపిస్తుంది. కొండ మీద పడిన వాన ఏం పండిస్తుంది? దున్నిన పొలం మీద పడితేనే పంట. వాన మన చేతిలో లేదు, దున్నడం మన చేతిలో ఉంది, రెండూ కలిస్తేనే ఫలం. అశ్వత్థామ ఆ మాట వినలేదు, ఆ రాత్రే నిద్రపోతున్నవాళ్ళను నరికాడు. అదీ అతని ఎంపికే.

ఇక యుద్ధంలో పదిహేడో రోజు. చక్రం దిగబడింది, పరశురాముడి దగ్గర నేర్చుకున్న అస్త్రం గుర్తుకు రావడం లేదు. కర్ణుడు ధర్మాన్ని తలుచుకుని, చక్రం ఎత్తేదాకా ఆగమని అర్జునుణ్ణి అడిగాడు. కృష్ణుడు అప్పుడు ఒక్కొక్కటే అడిగాడు. ద్రౌపదిని సభకు ఈడ్చినప్పుడు నీ ధర్మం ఎటు పోయింది? అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపినప్పుడు ఎటు పోయింది? కర్ణుడు సిగ్గుతో తల వంచుకున్నాడు, ఏమీ బదులు చెప్పలేదు. ఎంత వాగ్ధాటి గల మనిషి, పుట్టినప్పటి అన్యాయాలన్నీ ఏకరువు పెట్టవచ్చు. పెట్టలేదు. చక్రాన్ని దించింది శాపం, తలను దించింది సభలో అన్న మాటలు. ఈ రెంటినీ విడదీసి చూడగలిగితే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

కర్ణుడి విషయంలో నాకు తీరని బాధ ఒకటుంది. తన పశ్చాత్తాపాన్ని అతను కృష్ణుడితో, రథం మీద, రహస్యంగా చెప్పుకున్నాడు. ఏ సభలో ఆ మాటలు అన్నాడో ఆ సభలో చెప్పలేదు, ఎవరిని అన్నాడో ఆవిడ ముందు నిలబడి చెప్పలేదు. తర్వాత కుంతి వచ్చి అడిగితే అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురినీ చంపనని మాటిచ్చి నిలబెట్టుకున్నాడు, అంత మంచితనం ఉంది. కానీ అనవలసిన మనిషితో అనవలసిన మాట అనకుండానే పోయాడు. మీ తమ్ముడికీ కర్ణుడికీ నేను చూస్తున్న పెద్ద తేడా ఇదే. మీ తమ్ముడికి ఇంకా టైముంది, ఆ మనుషులు అదే వీధిలో ఉన్నారు.

ఇప్పుడు అతని సంగతికే వద్దాం. నాన్నగారు చదివించలేకపోవడం అతను చేసింది కాదు. స్నేహితుడు ఫీజు కట్టించడం అదృష్టం, ఆ కృతజ్ఞత మంచి గుణం, దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు, మీ ఆయన కూడా. స్నేహితుడు మోసగాడుగా మారడమూ అతని చేతిలో లేదు. ఇక్కడిదాకా కొట్టుకొచ్చిన పెట్టె. కానీ కొత్తవాళ్ళ డబ్బు పాతవాళ్ళకు వెళ్తోందని తెలిసిన రోజు ఒకటుంది. ఆ మర్నాడు కూడా అతను ఆఫీసుకు వెళ్ళాడు. ఆ తర్వాత కూడా ఎవరో ఒకరు అతని ముఖం చూసి డబ్బు కట్టారు. ఋణపడింది అతను, తీర్చింది పిన్ని డబ్బుతో, వీధివాళ్ళ డబ్బుతో. దుర్యోధనుడి స్నేహానికి కర్ణుడు తన ప్రాణం ఇచ్చుకోవడం అతని హక్కు. ద్రౌపది మానం ఆ ఋణం కింద చెల్లించే హక్కు అతనికి లేదు. ఈ వాక్యం మీ తమ్ముడికి నొప్పి పుట్టిస్తుంది, తెలుసు. అయినా కర్ణుణ్ణి అంతగా ప్రేమించేవాడికి ఇది అర్థమవుతుంది.

"తప్పు నీదే" అంటే ఏమైపోతాడో అని మీరు భయపడుతున్నారు. ఆ మాట అనకండి. అది కోర్టు తీర్పులా ఉంటుంది, మనిషి మొత్తాన్ని ఒక్కసారి తప్పు చేసేస్తుంది. "విధి" అని కూడా అనకండి. అది మొదట హాయిగానే ఉంటుంది, కానీ మెల్లగా అతని చేతుల్లోంచి అన్నీ లాగేసుకుంటుంది. నిన్నటి పనులు తనవి కాకపోతే రేపటి పనులు మాత్రం తనవి ఎలా అవుతాయి? గదిలోంచి రాకపోవడానికి అసలు కారణం ఇదేనని నాకనిపిస్తుంది. అడగండి, అంతే. డాక్టరును చూశాక, కొంచెం నిద్ర పట్టడం మొదలయ్యాక, ఒక సాయంత్రం పక్కన కూర్చుని, "నువ్వు ఎక్కడ ఆగి ఉండవచ్చు రా?" అని అడగండి. జవాబు వెంటనే రాదు. కోపం రావచ్చు, ఏడుపు రావచ్చు. ఏ తేదీయో, ఏ మనిషి ముఖమో అతనే చెప్తాడు. అది చెప్పిన రోజు అతను లేవడం మొదలైనట్టు. అప్పుడు మీరు "అదీ, నేను చెప్పలేదూ" అనకండి. మీరు ముందే చెప్పారన్నది నిజమే, ఆ మాట అతనికి గుర్తుంది.

ఉద్యోగపర్వంలో కృష్ణుడూ కర్ణుడూ మాట్లాడుకునే ఘట్టం కొనుక్కొచ్చో, లైబ్రరీలో తెచ్చో అతని చేతిలో పెట్టండి. తిక్కన పద్యాలు కష్టమనిపిస్తే వచనంలో దొరుకుతుంది. మీరూ చదవండి. సినిమాల్లో చూసిన కర్ణుడి కంటే ఈ కర్ణుడు చాలా పెద్దవాడు.

బ్యాంకు నోటీసును కూడా విధిలా చూడకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, జామీను పడినవాడి బాధ్యత అసలు అప్పుదారుడితో సమానం. కాబట్టి బ్యాంకు అతని దగ్గరికి రావడంలో వింతేమీ లేదు. అదే చట్టం, జామీనుదారుడు కట్టిన డబ్బును అసలు అప్పుదారుడి నుంచి రాబట్టుకునే హక్కూ ఇస్తుంది. కాగితాలన్నీ తీసుకుని నోటీసు గడువు లోపల లాయరును కలవండి. డిపాజిట్ల వ్యవహారంలో అతనిమీద కేసు ఏమైనా ఉందా, రావచ్చా అన్నది కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి. తనకు ఎప్పుడు ఏం తెలిసిందో లాయరు దగ్గర దాచకుండా చెప్పాలి.

డబ్బు పెట్టినవాళ్ళ దగ్గరికి వెళ్ళడం అన్నిటికంటే కష్టమైన పని. ముందు ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక పుస్తకంలో రాయమనండి, ఎవరూ అడగకపోయినా సరే. ఎవరితో ఏం చెప్పవచ్చో లాయరును అడిగి మొదట పిన్ని ఇంటికి వెళ్ళమనండి, ఆవిడ రక్తసంబంధం కాబట్టి తిట్టినా వింటుంది. డబ్బు మొత్తం తెస్తానని గొప్ప మాటలు ఇవ్వవద్దు, ఇవ్వగలిగింది ఎంతో అంతే చెప్పాలి, నెలకు వెయ్యి అయినా సరే. "నాకు తెలిశాక కూడా నీకు చెప్పలేదు పిన్నీ" అన్న మాట మాత్రం తప్పకుండా అనాలి. మీరూ వెంట వెళ్ళండి. కానీ అతని తరఫున మీరు మాట్లాడకండి, ఆవిడ కోప్పడుతున్నప్పుడు మధ్యలో అడ్డం వెళ్ళకండి.